అద్దె ఇంట్లో మూడడుగుల అక్వేరియం: స్టాండు లేకుండా ఎక్కడ పెట్టాలి?

కావలి నుంచి ఒక గృహిణి రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది, సారం ఇక్కడ ఇస్తున్నాం.

వాళ్లుండేది అద్దె ఇల్లు, మొదటి అంతస్తు. కింద ఓనరు కుటుంబం ఉంటుంది. భర్త స్నేహితుడొకరు బదిలీ మీద వెళ్తూ గాజు అక్వేరియం ఇచ్చిపోయారు. పొడవు మూడడుగులు, వెడల్పు అడుగు, ఎత్తు అడుగున్నర. దాని ఇనప స్టాండు తుప్పు పట్టి కాళ్లు ఊడిపోతే ఆయన అప్పటికే పాత ఇనుముకు వేసేశారట. కొత్తది చేయించాలంటే వెల్డింగ్ షాపులో 4,500 అడిగారు. అంత పెట్టే ఉద్దేశం ఇంట్లో ఎవరికీ లేదు. నెలన్నరగా ఆ తొట్టి దుప్పటి కప్పుకుని వరండాలో ఉంది.

"మా ఆయన టీవీ యూనిట్ మీద పెట్టేద్దాం, టీవీని గోడకు బిగిద్దాం అంటారు. మా అత్తేమో నీళ్లు ఈశాన్యంలోనే ఉండాలంటుంది. ఆ మూల తూర్పు కిటికీ ఉంది, పొద్దున తొమ్మిదిదాకా ఎండ పడుతుంది. ఓనరు మెట్ల మీద కనపడి 'పైన అంత బరువు పెట్టబాకండమ్మా, శ్లాబు దిగినా నీళ్లు కారినా మాకే గదా' అన్నాడు. ముగ్గురూ మూడు మాటలు చెప్పి ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. ఏం చేసినా మిగతా ఇద్దరికీ నేనే సమాధానం చెప్పుకోవాల. నాలుగేళ్ల బాబు రోజూ దుప్పటి ఎత్తి చేపలేవీ అని అడుగుతున్నాడు. హాల్లో దక్షిణం గోడకు కడప బండల అర ఉంది, అది మోస్తుందా? లేదంటే నేల మీదే పెట్టేస్తే గొడవ వదిలిపోదా? ఉత్తరం గోడకు దివాన్ ఉంది. బాత్రూము హాలుకు పదిహేను అడుగులు. నీళ్లు మార్చేది ఎటూ నేనే."

ఆ చివరి మాట మీరు మాటవరసకు రాశారు గానీ, నేను అక్కడే మొదలుపెడతాను. మీ తొట్టిలో నికరంగా పట్టేది వంద లీటర్ల నీళ్లు. వారానికోసారి అందులో పావు వంతు తీసి కొత్త నీళ్లు పోయాలి. అంటే 25 లీటర్లు: రెండు బకెట్లు బయటికి, రెండు బకెట్లు లోపలికి. పండగొచ్చినా, చుట్టాలొచ్చినా, మీకు జ్వరమొచ్చినా ఆ పని ఆగదు. టీవీ యూనిట్ అన్నవారు గానీ, ఈశాన్యం అన్నవారు గానీ ఆ బకెట్లు మోయరు. కాబట్టి ఎక్కడ పెట్టాలన్నది ముందు మీ చేతికీ నడుముకూ కుదరాలి. మిగతా ముగ్గురి అభ్యంతరాలూ ఆ తర్వాత చూద్దాం. వాటిలో ప్రతిదాంట్లోనూ కొంత నిజం ఉంది.

బరువు లెక్క చూసుకుంటే సగం భయాలు వాటంతటవే తేలిపోతాయి. మీ కొలతలకు అంచుదాకా నింపితే 127 లీటర్లు. అంచుదాకా ఎవరూ నింపరు. పైన రెండంగుళాలు వదిలి, గాజు మందం, అడుగున రాళ్లు ఆక్రమించే చోటు తీసేస్తే వంద లీటర్లు, అంటే వంద కిలోలు. గాజు మందాన్ని బట్టి ఖాళీ తొట్టి 20 నుంచి 28 కిలోలు ఉంటుంది. అడుగున అంగుళంన్నర మందం గులకరాయి పరిస్తే 15 కిలోలు. మూత, లైటు, ఫిల్టరు, ఒకటి రెండు పెద్ద రాళ్లు కలిపి మరో పది. మొత్తం 150 కిలోలు అనుకోండి. బట్టలు, పాత్రలు కుక్కిన ఇనప బీరువా కూడా ఇంచుమించు అంతే తూగుతుంది. ఆ బీరువాను మేడ మీదికి ఎక్కించేటప్పుడు ఏ ఓనరూ శ్లాబు గురించి అడగడు.

అలాగని మీ ఓనరు మాట కొట్టిపారేయకండి. ఆయనవి రెండు వేర్వేరు భయాలు, వాటిని విడదీసి మాట్లాడాలి. ఒకటి శ్లాబు. నివాస గృహాల శ్లాబు మీద మనుషులూ సామానూ కలిపి చదరపు మీటరుకు 200 కిలోల చొప్పున లెక్కేసుకోవాలని మన భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఆ లెక్కన కట్టిన, పదడుగుల వెడల్పు, పధ్నాలుగడుగుల పొడవున్న హాలు మొత్తం మీద రెండున్నర టన్నులు ఆనుతుంది. తొట్టి కింద పెట్టే పీటతో కలిపి ఒక గోడ వారన 200 కిలోల పైచిలుకైనా దానికి పెద్ద బరువు కాదు. అయితే ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. కింది ఇంట్లో కూడా గోడ ఉన్నచోట, ఆ గోడకు సమాంతరంగా, ఆనించినట్టు పెడితే బరువు చాలావరకు గోడలోకే దిగిపోతుంది. గది నడిబొడ్డున గానీ, బాల్కనీలాగా గాల్లోకి పొడుచుకొచ్చిన శ్లాబు మీద గానీ పెట్టకూడదు. ఆయన్ని అడిగి కింద హాలు సీలింగు ఒకసారి చూసి రండి. సముద్రపు గాలి తగిలే ఊరు మీది, కడ్డీలు తుప్పు పట్టడం కొత్త కాదు. సీలింగు పెచ్చులు ఊడి, కడ్డీ కనబడుతూ, తుప్పు చారలుంటే మాత్రం ఆయన మాటే నెగ్గాలి, పైన మూడడుగుల తొట్టి వద్దు.

రెండోది నీళ్లు కారడం. ఈ భయం అసలైనది. తొట్టి పగిలి వంద లీటర్లూ ఒక్కసారి పోతే, పదికి పది అడుగుల గదిలో సెంటీమీటరు మందాన నిలుస్తాయి. బకెట్లు, గుడ్డలు పట్టుకుంటే అరగంట పని. అసలు చెరుపు సన్నగా, తెలియకుండా కారేదాంతో వస్తుంది. టైల్స్ సందుల్లోంచి ఇంకి, కింద సీలింగు మీద మరకగా బయటపడేదాకా మీకు తెలియదు. అందుకే తొట్టి కింద ఖాళీ ఉండాలి, మీరు వంగి చెయ్యి పెట్టి తడి చూసుకోగలగాలి. ఓనరుతో "ఏం కాదులెండి" అనే బదులు "గోడ వారన పెడుతున్నాం, ముందు రెండ్రోజులు బయట నింపి చూస్తాం, మీరూ వచ్చి చూడండి" అనండి. పిలిస్తే ఆయన గొంతు మారుతుంది.

ఇక టీవీ యూనిట్. మీ వారికి చెప్పాల్సింది ఒక్కటే: అది చెక్కలా కనిపిస్తుంది గానీ చెక్క కాదు. ఎక్కువ యూనిట్లు పార్టికల్ బోర్డుతోనో, ఎండీఎఫ్‌తోనో చేస్తారు. పొట్టూ గమ్ కలిపి ఒత్తిన పలకలు అవి. అంచున అతికించిన పట్టీ ఎక్కడ లేచినా నీటి చుక్క లోపలికి పోయి, బిస్కెట్ టీలో ఉబ్బినట్టు ఉబ్బుతుంది. అక్వేరియం చుట్టూ నీటి చుక్కలు పడకుండా ఎవరూ ఉండలేరు. పైగా నాలుగడుగుల పలక నడుమ ఆధారం లేకుండా ఉంటుంది. మొదటిరోజు ఏమీ కాదు, అదే మోసం. రెండు మూడు నెలల్లో నడుమ రెండు మూడు మిల్లీమీటర్లు కుంగుతుంది. పలక వంగుతుంది, గాజు వంగదు. అప్పుడు అడుగు గాజు పగలడమో, మూలల్లో గాజును అతికించిన సిలికాన్ గమ్ విడిపోవడమో జరుగుతుంది. పక్కనే టీవీ, దాని వెనక జంక్షన్ బాక్సు. ఆయన పట్టుబడితే ఆ యూనిట్ మీద అడుగు పొడవు చిన్న తొట్టి, అదీ పక్క పలక నిలువుగా ఉన్న కొస మీద పెట్టుకోవచ్చు. మూడడుగులది కుదరదు.

కడప బండ గురించి మీరు అడిగింది మంచి ప్రశ్న. చాలామంది "రాయి కదా" అని నమ్మేస్తారు. కడప బండ నొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది, వంపుకు ఓర్చుకోదు. పొరలు పొరలుగా ఉండే రాయి, కంటికి కనబడని చీలిక ఒకటుంటే చెప్పాపెట్టకుండా టప్పున విరుగుతుంది. మీ అర బండ ఎంత మందం, రెండు వైపులా గోడలోకి ఎంత దిగింది, నడుమ నిలువు బండ ఉందా అని చూడండి. అంగుళం మందం బండ, మూడడుగుల ఖాళీ మీద, నడుమ ఆధారం లేకపోతే 150 కిలోలు పెట్టొద్దు. నడిమధ్యన కింది నుంచి నిలువు బండో, ఇటుకల దొంతో బిగుతుగా ఆనిస్తే కథ మారుతుంది. ఖాళీ సగానికి తగ్గితే బండ మీద పడే వంపు భారం నాలుగో వంతుకు తగ్గుతుంది. కింది అర నేల మీదే ఆనుకుని ఉంటే ఇంకా మంచిది. కానీ అరకు ఇంకో రెండు తంటాలున్నాయి. తొట్టి అడుగు బండ వెడల్పు దాటి ఒక్క అంగుళం కూడా బయటికి రాకూడదు. తొట్టి అంచు పైన కనీసం పన్నెండు అంగుళాల ఖాళీ ఉండాలి, లేకపోతే చెయ్యి లోపలికి పోదు, లోపల చచ్చిన చేపను తీయడానికే తొట్టి దింపాల్సొస్తుంది. మామూలు అరల ఎత్తు చూస్తే మీది అడుగున్నర తొట్టికి చాలకపోవచ్చు. టేపుతో కొలిచాకే ఆశ పెట్టుకోండి.

నేల మీద పెట్టడం బరువు పరంగా అన్నిటికంటే భద్రం. పడే చోటు లేదు, కుంగేది లేదు. పైగా మీ ఇంట్లో కింద కూర్చునే అలవాటుంటే చేపలు కళ్ల ఎదురుగానే ఉంటాయి. ఇబ్బంది అంతా రోజువారీ పనిలో వస్తుంది. గొట్టంతో నీళ్లు లాగాలంటే బకెట్ తొట్టి కంటే కిందుండాలి. నేల మీద తొట్టిలో నీటి మట్టానికీ బకెట్ అంచుకీ తేడా మూడు నాలుగు అంగుళాలే. ధార నీరసంగా వస్తుంది, రాళ్ల సందుల్లో చేరిన మలం, మిగిలిన మేత లాగే జోరు దానికి ఉండదు. దీనికో ఉపాయం ఉంది. ఇరవై అడుగుల పారదర్శక గొట్టం కొని, కొసను నేరుగా బాత్రూము తూము దగ్గర వదలండి. బాత్రూము నేల హాలు కంటే పల్లంలో ఉంటుంది కాబట్టి ధార బాగానే వస్తుంది. కూలర్ మోటరుతో తోడినా సరే. చేపపిల్ల గొట్టంలోకి పోకుండా తొట్టిలో ఉండే కొసకు పల్చటి వల గుడ్డ కట్టండి. ఇది కాక ఫినాయిల్ నీళ్లతో తుడిచేటప్పుడు చిందే తుంపర్లు, చీపురు దుమ్ము, చీమలు, బాబు తోలే మూడు చక్రాల సైకిలు. మూలన గాజుకు సైకిలు హ్యాండిల్ ఒక్కసారి తగిలితే చాలు. నేలే ఖాయం చేసుకుంటే కనీసం నాలుగంగుళాల ఎత్తు పీట కట్టి, ముందు వైపు దివాన్ గానీ మరేదైనా గానీ అడ్డం ఉండేలా చూడండి.

ఇవన్నీ చూశాక మీ ఇంటికి ఎక్కువ కుదిరేది బ్లాకుల పీట అని నాకనిపిస్తుంది. గోడకు మేకు కొట్టక్కర్లేదు, ఇల్లు మారేటప్పుడు విడదీసి తీసుకుపోవచ్చు. అయితే ఏ బ్లాకులన్నది చాలా తేడా చేస్తుంది. 16 అంగుళాల పొడవు, 8 వెడల్పు, 8 ఎత్తు గట్టి సిమెంటు బ్లాకు ఒక్కోటి 35 కిలోల దాకా తూగుతుంది. ఆరు కావాలి, అంటే 210 కిలోలు. తొట్టి కంటే పీట బరువు! గ్రౌండ్ ఫ్లోరైతే పట్టించుకోనక్కర్లేదు, మీది మేడ. అందుకని లైట్ వెయిట్ బ్లాకులు అడగండి, తెల్లగా బూడిద రంగులో ఉంటాయి. 24 అంగుళాల పొడవు, 8 వెడల్పు, 8 ఎత్తువి నాలుగు చాలు. ఒక్కోటి 15 కిలోల లోపే. మామూలు రంపంతో తెగుతాయి. దుమ్ము బాగా లేస్తుంది, డాబా మీద కోయండి.

ఒక్కో బ్లాకును 16 దగ్గర కోస్తే 16 అంగుళాల ముక్క ఒకటి, 8 అంగుళాల ముక్క ఒకటి వస్తాయి. నాలుగు బ్లాకులకు నాలుగు పెద్దవి, నాలుగు చిన్నవి. చిన్నవి రెండు కలిపితే ఒక పెద్దదాని లెక్క. పొడవు ముందు నుంచి వెనక్కి ఉండేలా మూడు దొంతులు పేర్చండి: ఎడమ కొసన ఒకటి, నడుమ ఒకటి, కుడి కొసన ఒకటి, దొంతికీ దొంతికీ మధ్య 8 అంగుళాల ఖాళీ. ఒక్కో దొంతి రెండు వరసలు. జత చేసిన చిన్న ముక్కలు కింది వరసకే వాడండి, పై వరసలో మూడూ అతుకు లేనివే ఉండాలి. వరసల మధ్య బ్లాకులు అతికించే గమ్ పల్చగా పూస్తే కదలవు. ఇంటికి ఏ ఇబ్బందీ లేదు, గమ్ అంటేది బ్లాకుకే గాని నేలకు కాదు. దొంతుల కింద రబ్బరు మ్యాట్ ముక్కలు వేస్తే టైల్స్ గీసుకోవు. ఈ బ్లాకులు నీళ్లు పీలుస్తాయి, పేర్చే ముందు రెండు పూతలు పెయింట్ వేయండి. ఖాళీల్లో చేపల మేత, వల పెట్టుకోవచ్చు.

పైన 40 అంగుళాల పొడవు, 16 వెడల్పు, 19 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్. దుకాణంలో కోసి ఇస్తారు, అంచులకు పెయింట్ మీరు వేసుకోవాలి. నీళ్లు ప్లైలోకి దూరేది అంచుల్లోంచే. ప్లై బదులు గ్రానైట్ కావాలంటే ఒంగోలు వైపు చీమకుర్తి రాయి కోసే చోట్ల తుంటలు దొరుకుతాయి, చూడ్డానికి నల్లగా మెరుస్తూ బాగుంటుంది. కానీ రాయి మీద గాజు, రాయి కింద బ్లాకు, అన్నీ గట్టివే. అలాంటప్పుడు బ్లాకుకూ రాయికీ మధ్య కూడా రబ్బరు పట్టీలు పెట్టాలి. కొత్తగా చేసేవారికి ప్లైయే సులువు, చిన్న చిన్న ఎగుడుదిగుళ్లను మన్నిస్తుంది.

ఇలా కట్టిన పీట పదహారున్నర అంగుళాల పైచిలుకు ఎత్తు వస్తుంది. బకెట్ పన్నెండు పదమూడు. బకెట్ అంచు తొట్టి అడుగు కంటే కిందుంటుంది కాబట్టి గొట్టంలో ధార పుంజుకుంటుంది. మీరు స్టూలు ఎక్కకుండా చెయ్యి పెట్టగలరు. మొత్తం బరువు 215 కిలోలు. ఇంకో సంగతి ఓనరుకు చెప్పండి. ఇనప స్టాండు నాలుగు కాళ్లు ఒక్కోటి అంగుళం చదరం ఉంటే, ఒక్కో చదరంగుళం మీద 40 కిలోలు పడతాయి. కింద సిమెంటు సరిగా పడని బోలు టైలైతే అక్కడే పగులుతుంది. ఈ మూడు దొంతుల కింద చదరంగుళానికి అరకిలో పైచిలుకే పడుతుంది. మీ టైల్స్ మీద రూపాయి బిళ్లతో తట్టి చూడండి. టక్ టక్ అంటే గట్టిది, డబ్బా మీద కొట్టినట్టు మోగితే బోలు. బోలు టైల్స్ మీద కాళ్ల స్టాండు కంటే ఈ పీటే నయం.

స్టాండు చేయించడం తప్పని కాదు. తొట్టి ఎత్తుగా, బాబుకు అందకుండా ఉండాలంటే అదే దారి. చేయిస్తే రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు, పైన ఎనామిల్ వేయించండి, మీ ఊరి గాలికి మొదటి వేటు ఇనుము మీదే. లేదా మూడడుగులది అమ్మేసి రెండడుగులది కొనొచ్చు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి నీళ్లతో కలిపి 70 కిలోలే. గట్టి టేకు టేబులు మీదా, నడుమ ఆధారం ఉన్న కడప అర మీదా నిశ్చింతగా కూర్చుంటుంది. బకెట్ల మోత సగమవుతుంది. చేపలూ సగమే పట్టాలి, నీళ్లు తక్కువ కాబట్టి వేడి, మురికి రెండూ త్వరగా మీద పడతాయి. వారం తప్పిస్తే మూడడుగులది ఓర్చుకుంటుంది, రెండడుగులది ఓర్చుకోదు. వంటగట్టు, కుట్టు మిషను, ఫ్రిజ్ నెత్తి గురించి ఎవరైనా సలహా చెబితే వద్దనండి. గట్టు మీదైతే తాలింపు ఆవిరి నీటి పైన జిడ్డు తెట్టె కడుతుంది, మిగతా రెండూ అదురుతాయి.

ఇక అత్తగారి ఈశాన్యం. వాస్తు నమ్మాలా వద్దా అన్నది నా పని కాదు. నమ్మే ఇంట్లో ఆ మాట కాదని పెట్టిన తొట్టిలో ఒక్క చేప చచ్చినా ఆ లెక్క మీ మీదికే వస్తుందని మాత్రం తెలుసు. ఈశాన్యంలో నీళ్లుండాలనేవారే అక్కడ బరువు ఉండకూడదని కూడా అంటారు. అందుకని ఆ మూలలోకి దూర్చకుండా, దివాన్ ఉన్న ఉత్తరం గోడకు తూర్పు వైపు సగంలో పెడదామని ఆమెనే అడగండి. నీళ్లు ఉత్తరాన, తూర్పుకు చేరువగా ఉంటాయి, మూల ఖాళీగా ఉంటుంది. మీకు కలిసొచ్చేది వేరే: మూలలో కంటే కిటికీ ఎండ తక్కువ తగలొచ్చు. గంటల తరబడి ఎండ పడితే గాజుకు పచ్చ నాచు పట్టి, వారం వారం గీకడమే మీ పనవుతుంది. దివాన్ పడమర సగానికి జరపాలి. కానీ దీనికొక షరతుంది. ఆ ఉత్తరం గోడ కింద ఓనరు ఇంట్లో కూడా గోడో, దూలమో ఉందా అన్నది తేల్చుకోండి. నాలుగంగుళాల అడ్డుగోడ లెక్కలోకి రాదు. లేకపోతే కడప అర ఉన్న దక్షిణం గోడ వార చూడాలి, అప్పుడు అత్తగారికి నచ్చజెప్పే పని మీ వారికి అప్పగించండి. పడమర గోడ మాత్రం వద్దు. మే నెల మధ్యాహ్నం ఆ గోడ చెయ్యి పెడితే కాలుతుంది, నీళ్లు 32, 33 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గిపోతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

దోమల మందు సంగతి చాలామంది మరిచిపోతారు. ప్లగ్గుకు పెట్టే ద్రవం, కాయిల్, స్ప్రే, వీటన్నిట్లో ఎక్కువగా ఉండే మందు మనిషికి అంత చేయదు గానీ చేపకు విషం. ఎయిర్ పంపు గదిలో గాలినే లాగి నీళ్లలోకి ఊదుతుంది. హాల్లో మందు పెట్టే అలవాటుంటే దాన్ని పడగ్గదికి మార్చండి, హాలుకు దోమతెరో, కిటికీకి జాలీయో చూసుకోండి.

చోటు కుదిరాక నింపే ముందు రెండు పరీక్షలు. మొదటిది తొట్టికి. నెలన్నర ఎండిన పాత తొట్టి మూలల్లో సిలికాన్ గోరుతో గీరి చూడండి, పొట్టులా లేస్తుంటే మళ్లీ గమ్ వేయించాలి. బాగుంటే వరండాలోనే చదునుగా థర్మాకోల్ మీద పెట్టి, నిండా నీళ్లు పోసి, చుట్టూ పాత న్యూస్ పేపర్ పరిచి 48 గంటలు వదలండి. కాగితం మీద తడి మరక ఎక్కడ పడితే అక్కడ కారుతున్నట్టు. ఓనరును పిలవాల్సింది అప్పుడే. నీళ్లతో తొట్టిని అంగుళం కూడా జరపొద్దు. ఖాళీ చేసి ఇద్దరు అడుగు పట్టుకుని మోయాలి, పై అంచులు పట్టుకుని ఎత్తితే అతుకు విడుతుంది.

రెండోది పీటకు. మేస్త్రీ దగ్గర రసమట్టం (చదును చూసే బుడగ కడ్డీ) ఒక గంట అడిగి తెచ్చుకోండి. పొడవుగా, అడ్డంగా, ఐమూలగా మూడు రకాలుగా పెట్టి చూడాలి. మన ఇళ్ల నేల గుమ్మం వైపో, తూము వైపో కొంచెం వాలు ఉంటుంది. తేడా ఉంటే సరిచేయాల్సింది దొంతుల కింద రబ్బరు మందం పెంచి. తొట్టి మూల కింద అట్టముక్క, రూపాయి బిళ్ల దోపడం చాలా ఇళ్లలో చూసే తప్పు. మొత్తం బరువు ఆ ఒక్క చుక్క మీద పడి గాజు అక్కడి నుంచే చీలుతుంది. ప్లై మీద ఇసుక రేణువు కూడా లేకుండా తుడిచి, అరంగుళం థర్మాకోల్ షీటు ఒకే ముక్కగా వేసి, దాని మీద తొట్టి దించండి. గోడకూ తొట్టికీ మధ్య రెండు మూడు అంగుళాలు వదలండి, గొట్టాలకూ మీ చేతికీ. తర్వాత మూడో వంతు నీళ్లు పోసి, నాలుగు మూలలా నీటి మట్టం స్కేలుతో కొలవండి. నీళ్ల కంటే మంచి రసమట్టం లేదు. తేడా రెండు మూడు మిల్లీమీటర్ల లోపుంటే కొనసాగించండి. మించితే తోడేసి మళ్లీ సరిచేయండి. విసుగే గానీ, నింపాక బాధపడే కంటే నయం.

కరెంటు విషయంలో రెండు జాగ్రత్తలు. ఎయిర్ పంపు నీటి మట్టం కంటే కింద పెడితే, కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి పంపులోకి, అక్కడి నుంచి ప్లగ్గులోకి పోవచ్చు. పంపును పైన గోడ మేకుకు తగిలించండి, లేదా గొట్టం మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు పెట్టండి. చవకైన వస్తువు, బాణం గుర్తు తొట్టి వైపుండాలి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి ఒకసారి వేలాడి మళ్లీ పైకెక్కాలి, వైరు వెంట జారిన చుక్క ఆ వంపులోంచి నేల మీద పడుతుంది. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు స్విచ్చు కాదు, ప్లగ్గే పీకండి. కార్తీకంలో తుపాను పట్టి రోజంతా కరెంటు లేకపోతే ఎలాగన్నదీ ఇప్పుడే ఆలోచించండి. చెరువుల్లో తెల్లవారుజామున ఏరియేటర్లు (నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రాలు) ఎందుకు తిప్పుతారో మీ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు, నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుందని. మీ తొట్టికీ అదే కారణం. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

నీళ్ల గురించి క్లుప్తంగా. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి డ్రమ్ములో ఒకరోజు మూత లేకుండా ఉంచండి. బోరు ఉప్పగా ఉంటే గోల్డ్‌ఫిష్ కంటే మోలీలు, గప్పీలు తట్టుకుంటాయి. రొయ్యల చెరువుల వాళ్లకు నీళ్లు పరీక్షించే ఆక్వా ల్యాబులు మీ వైపు ఉన్నాయి. ఒక సీసా పట్టుకెళ్తే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత), కాఠిన్యం, అమ్మోనియా చెప్పేస్తారు. క్యాన్ నీళ్లు ఒక్కటే పోయొద్దు, వాటిలో ఖనిజాలు లేక పీహెచ్ నిలకడగా ఉండదు. మొదటి రోజే పది చేపలు వేయకండి. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాను విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఫిల్టరులో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు మూడు నాలుగు చిన్న చేపలు, చిటికెడు మేత.

బాబుకు ఆ మూడు చేపలే చాలు. వాడు ప్లై అంచు మీద కాలేసి ఎక్కకుండా ముందు వైపు రెండంగుళాల కంటే ఎక్కువ వదలకండి, మూత తప్పనిసరి. నెల గడిచాక ప్లై ముందు అంచు వెంట, ఈ కొస నుంచి ఆ కొసకు దారం ఒకటి బిగించి లాగి చూడండి. దారానికీ ప్లైకీ మధ్య నడుమ ఎక్కడైనా సందు కనబడితే పలక కుంగుతున్నట్టు. ఆ రోజే సగం నీళ్లు తోడేసి, నడిమి దొంతిని సరిచేశాకే మళ్లీ నింపండి.